కేటీ ఇవ్వలేని పని

2025 సెప్టెంబర్ మొదటి వారంలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో హ్యుందాయ్, ఎల్జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద ఇమిగ్రేషన్ వాళ్ళు పడి 475 మందిని పట్టుకెళ్ళారు కదా. అందులో మూడొందల మందికి పైగా కొరియన్లు. కాళ్ళకీ చేతులకీ గొలుసులేసి బస్సెక్కిస్తున్న వీడియో అందరం చూశాం. డెట్రాయిట్ చుట్టుపక్కల నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది మాకు. మొదటి రెండు రోజులూ అందులో మామూలే, వీసాల టెన్షన్, ఎవరి కాగితాలు ఎప్పటిదాకా ఉన్నాయి, దసరాకి ఊరెళ్ళొచ్చా వద్దా. మూడో రోజు ఒకాయన ఇలా పెట్టాడు: "అమెరికావాడికి పని వచ్చుంటే మెషిన్లు బిగించడానికి కొరియా నుంచి మనుషుల్ని తెప్పించుకోవాల్సిన ఖర్మేంటి? బద్ధకం, బీరు, యూనియన్. ఈ మూడే ఇక్కడి కార్ల పరిశ్రమని ముంచాయి." చూస్తుండగానే దాని కింద పాతిక బొటనవేళ్ళు లేచాయి.

నేనేమీ అనలేదు. పూర్తిగా తప్పు అనడానికి ధైర్యం చాలలేదు, ఒప్పుకోబుద్ధీ కాలేదు. పదమూడేళ్ళుగా ఇక్కడి కార్ల కంపెనీలకి కాంట్రాక్టర్‌గా పనిచేస్తున్నాను, నా ఇంటి అప్పు తీరుతున్నది ఆ పరిశ్రమ పుణ్యానే. కానీ మా పక్కింటి పెద్దాయన చేతులు చూశాక బద్ధకం అన్న మాట మాత్రం నా నోట రావడం లేదు. ఆ గ్రూపులో నాలుగు లైన్లలో తేలే విషయం కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. లింకు అక్కడ పెడతానో లేదో ఇంకా తేల్చుకోలేదు.

గ్రైండర్ సంగతి

మాకో టేబుల్‌టాప్ వెట్ గ్రైండర్ ఉంది. కోయంబత్తూరు సరుకు, 110 వోల్టులకి మార్చి అమ్మేది. మూడేళ్ళ కిందట ఒక శనివారం మోటారు తిరుగుతోంది గానీ గిన్నె తిరగడం మానేసింది. విప్పి చూస్తే గిన్నెకీ మోటారుకీ మధ్య ఉండే ప్లాస్టిక్ కప్లింగ్ పళ్ళు అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అంతకు ఆరు నెలల ముందే ఇండియా నుంచి తెప్పించి వేసిన పార్టు అది. మళ్ళీ తెప్పించాలంటే మూడు వారాలు. గరాజ్‌లో నేల మీద పరుచుకుని కూర్చుని తిట్టుకుంటుంటే, మంచు తోసే మెషిన్ తిరిగిచ్చేయడానికి పక్కింటి పెద్దాయన వచ్చాడు. ఏంటది అన్నాడు. ఇడ్లీ పిండి గురించి నాకు తెలిసినంతలో చెప్పాను. రాళ్ళతో రుబ్బడం అన్న విషయం ఆయనకి తెగ నచ్చింది.

ఆయన కప్లింగ్‌ని అసలు చూడలేదు. ముందు షాఫ్ట్ మీద బొటనవేలు ఆనించి, రెండో చేత్తో మెల్లగా తిప్పాడు. రెండు మూడు సార్లు తిప్పి, ఇది వంగింది అన్నాడు. నాకు కంటికేమీ కనపడలేదు. తన గరాజ్‌కి తీసుకెళ్ళి డయల్ గేజ్ పెడితే ముల్లు కొట్టుకుంది, ఎనిమిది థౌ. అంగుళంలో వెయ్యోవంతుని థౌ అంటారు కదా, మా మేనమామకి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది కాబట్టి ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, మామయ్య కూడా అచ్చం ఇలాగే ముందు వేలు పెట్టి తర్వాతే గేజ్ పెట్టేవాడు. ఆ వంపు వల్లే పళ్ళు అరుగుతున్నాయి, కొత్త పార్టు ఎన్నిసార్లు వేసినా అరుగుతూనే ఉంటుంది, అని తేల్చి, షాఫ్ట్‌ని ప్రెస్ మీద సరిచేసి, నైలాన్ కడ్డీలోంచి కొత్త కప్లింగ్ కోసిచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడితే సాయంత్రం ఆరున్నరకల్లా మినప్పప్పు తిరిగింది.

ఆయన ముప్ఫై మూడేళ్ళు డై మేకర్. కారు బానెట్ ఉందనుకోండి, రేకుని ప్రెస్సులో నొక్కి ఆ ఆకారం తెచ్చే ఇనప అచ్చు డై. ఒక్కదానితో కాదు, ఒకటి లాగుతుంది, ఒకటి అంచులు కోస్తుంది, ఒకటి చిల్లులు పొడుస్తుంది, ఒకటి మడుస్తుంది. మెషిన్ మీద కోసిన అచ్చు కోసినట్టుగా పనికిరాదు. కింది సగానికి పల్చగా నీలం పూసి, పై సగాన్ని దించి, ఎత్తి చూస్తారు. నీలం అంటుకున్న చోట తగులుతోందన్నమాట, అక్కడ చేత్తో కొంచెం గీకాలి, మళ్ళీ నీలం పూయాలి, మళ్ళీ దించాలి, వారాల తరబడి అదే పని. తర్వాత రేకు పెట్టి కొడితే ఒక మూల చిరుగుతుంది, ఇంకో మూల ముడతపడుతుంది. వదలగానే రేకు కాస్త వెనక్కి విచ్చుకుంటుంది, ఆ విచ్చుకునేంత మేరా అచ్చుని ముందే ఎక్కువ వంచి ఉంచాలి. ఇప్పుడు దీనికి సాఫ్ట్‌వేర్లున్నాయి, బాగానే చెబుతాయి, కానీ చివరి గీకుడు మాత్రం ఇప్పటికీ మనిషిదే. తయారైన రేకు మీద కాటన్ గ్లౌజు వేసుకున్న అరచేత్తో నిమురుతాడట. ఒట్టి చేతికి చెమట పట్టి ఆగిపోతుందనీ, గ్లౌజుంటే మిట్టపల్లాలు ఇంకా బాగా తెలుస్తాయనీ చెప్పాడు. నన్నూ నిమరమని ఒక పాత ఫెండర్, అదే చక్రం మీద ఉండే రేకు, ఇచ్చాడు. నాకది అద్దంలా ఉంది. మూడు చోట్ల పల్లాలున్నాయని సుద్దముక్కతో చుట్టి చూపించాడు.

ఇలాంటి పనికి నాలుగేళ్ళ అప్రెంటిస్‌షిప్. అది అయ్యాక కూడా ఇంకో అయిదారేళ్ళు ఎవరూ ఒంటరిగా అచ్చు అప్పజెప్పేవారు కాదట.

అదే మనుషులు, అదే షెడ్డు

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అమెరికన్ కార్ల కంపెనీలకి పని తెలిసినవాళ్ళు లేకపోవడం వల్ల దెబ్బ తగల్లేదు. చేతిలో ఉన్న పనితనం కూడా ఒక ఆస్తి అని వాటి లెక్కల పుస్తకాలకి ఏనాడూ తెలియకపోవడం వల్ల తగిలింది. ఆ పుస్తకాల్లో ఆ మనిషి గంటకి ఇన్ని డాలర్లు, అంతే.

దీనికి నాకు దొరికిన గట్టి సాక్ష్యం డెట్రాయిట్‌లో లేదు, కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంది. మనవాళ్ళు బోలెడుమంది ఉన్న ఊరే. అక్కడ జనరల్ మోటార్స్ ప్లాంట్ ఒకటుండేది. దేశంలోకెల్లా చెత్త ప్లాంట్లలో ఒకటని పేరు. ఏ రోజు చూసినా దాదాపు ఐదోవంతు మంది డ్యూటీకి రారు, తాగి వచ్చేవాళ్ళు, సమ్మెలు, ఫిర్యాదులు వేలల్లో. మా గ్రూపులో ఆయన చెప్పిన బద్ధకం, బీరు, యూనియన్ మూడూ నిజంగానే ఒకే షెడ్డు కింద ఉండేవి. 1982లో మూసేశారు. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ కలిసి న్యూమీ అనే పేరుతో అదే ప్లాంట్‌ని తెరిచాయి. కార్మికుల్లో అత్యధికులు పాతవాళ్ళే, యూనియన్ కూడా అదే. టయోటా వాళ్ళని వందల్లో జపాన్ తీసుకెళ్ళి తమ లైన్ల మీద నిలబెట్టి చూపించింది. లైను వెంబడి ఒక తాడు కట్టి, తప్పు కనిపిస్తే ఎవరైనా లాగొచ్చు, సరిచేయలేకపోతే లైను ఆపొచ్చు అంది. అంతకు ముందు జనరల్ మోటార్స్‌లో లైను ఆపితే ఉద్యోగం పోయినట్టే, తప్పు బండి అలాగే ముందుకెళ్ళి చివర్లో రిపేర్ యార్డులో తేలేది. రెండేళ్ళు తిరక్కుండా ఫ్రీమాంట్ బండ్ల నాణ్యత జపాన్‌లోని అక్క ప్లాంట్‌తో సమానంగా వచ్చింది. గైర్హాజరు నామమాత్రమైంది.

మనుషులు మారలేదు. యంత్రాల్లో మరీ గొప్పవేమీ తేలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే జనరల్ మోటార్స్ డెట్రాయిట్ పక్కన హామ్‌ట్రామ్క్‌లో రోబోల మీద కోట్లు గుమ్మరిస్తోంది. ఆ ప్లాంట్ కోసం పోల్‌టౌన్ అనే పేటకి పేటే పడగొట్టి నాలుగు వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. 1985లో తెరిస్తే రోబోలు బండ్లకి వేయాల్సిన రంగు ఒకదానికొకటి పూసుకున్నాయని అప్పటి పత్రికలు రాశాయి. మనిషిని తీసేస్తే సమస్య పోతుందనుకున్న కంపెనీ, ఆ మనిషినే ఒక మాట అడిగితే సమస్య పోతుందని ఫ్రీమాంట్‌లో తన కళ్ళముందే చూస్తూ కూడా నేర్చుకోలేకపోయింది. లాస్ ఏంజెలెస్‌లోని తమ వాన్ నైస్ ప్లాంట్‌లో అదే పద్ధతి పెడదామని చూశారు, తాడు కట్టారు, కానీ తాడు లాగినవాణ్ణి తిట్టడం మానలేదు. 1992లో అదీ మూతపడింది. ఫ్రీమాంట్ నుంచి 2009 దివాలా సమయంలో జనరల్ మోటార్స్ తప్పుకుంది, మరుసటి ఏడాది ప్లాంట్ టెస్లా చేతికెళ్ళింది.

జీతాల మాట

"ఎంత చెప్పినా జీతాలెక్కువ బాబూ" అంటారు. 2008లో గంటకి 70 డాలర్ల పైన అని ఊరూవాడా ఒక లెక్క తిరిగింది. అది చేతికొచ్చే జీతం కాదు. ఎప్పుడో రిటైరైనవాళ్ళ పెన్షన్లూ ఆస్పత్రి ఖర్చులూ కలిపి, ఆ మొత్తాన్ని మిగిలినవాళ్ళ పనిగంటలతో భాగిస్తే వచ్చేది. పాత కార్మికుడి చేతికొచ్చేది 28 డాలర్ల చుట్టుపక్కల. యూనియన్‌తో 2007లో కుదిరిన ఒప్పందం తర్వాత కొత్తగా చేరినవాడికి అందులో సగం, పక్కపక్కనే నిలబడి అదే పని చేసినా సరే.

ఆ పెన్షన్ల బరువు కంపెనీల నెత్తిన ఎలా పడిందన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపించే కథ. యుద్ధం అయిపోగానే, 1945 నవంబర్‌లో, యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్ జనరల్ మోటార్స్ మీద సమ్మె కట్టించాడు. కోరింది 30 శాతం జీతం పెంపు, అదీ కారు ధర పెంచకుండా. ఇవ్వలేమంటారా, అయితే మీ లెక్కల పుస్తకాలు తెరిచి చూపించండి అన్నాడు. సమ్మె 113 రోజులు నడిచింది. కంపెనీ గంటకి పద్దెనిమిదిన్నర సెంట్లు పెంచింది గానీ పుస్తకం మాత్రం తెరవలేదు. 1950లో అయిదేళ్ళ ఒప్పందం కుదిరింది, దాన్నే డెట్రాయిట్ ఒడంబడిక అంటారు. పెన్షన్, వైద్యం, ధరలతో పాటు పెరిగే జీతం, అన్నీ వచ్చాయి. బదులుగా ఏ కారు చెయ్యాలి, ఎలా చెయ్యాలి, లైను ఎంత వేగంగా నడవాలి అన్నది యాజమాన్యం ఇష్టం. అంటే డబ్బు తీసుకో, నోరు మెదపకు. యూనియన్ ఒప్పుకుంది, ఆ రోజుల్లో ఎవరైనా ఒప్పుకునేవారే, మా మామయ్యకి పెన్షన్ అని ఎవరైనా అని ఉంటే లేత్‌కి దండం పెట్టేవాడు. కానీ ఆ తర్వాత పాతికేళ్ళకి చిన్న కార్లు కావాల్సొచ్చినప్పుడు, తలుపు సరిగా పడని బండ్లు లైను మీద పోతున్నప్పుడు, చెప్పగలిగినవాళ్ళు చెప్పడం ఎప్పుడో మానేసి ఉన్నారు.

మా పెద్దాయన్ని ఒకసారి అడిగాను, మీకు తెలిసేది కదా, అచ్చు అరిగిపోయిందని, చెప్పేవారు కాదా అని. చెప్పేవాళ్ళం, అన్నాడు. మొదటి పదేళ్ళూ.

నా వాదనలో చిల్లులు

ఇక్కడ ఆపేస్తే అబద్ధం చెప్పినట్టవుతుంది. 1973లో పెట్రోలు ధర ఆకాశాన్నంటడం కార్మికుల తప్పూ కాదు, పూర్తిగా యాజమాన్యం తప్పూ కాదు. ఇంకోటి, పరిశ్రమ చచ్చిపోలేదు కూడా. కార్లు, వాటి విడిభాగాల తయారీలో 2000లో 13 లక్షల ఉద్యోగాలుంటే 2009 మధ్యకి 6 లక్షల పైచిలుకుకి పడి, మళ్ళీ దాదాపు 10 లక్షలకి లేచాయి. కాకపోతే వాటిలో చాలా కెంటకీ, టెనెసీ, అలబామా, జార్జియాలకి దిగాయి, యూనియన్ బలం తక్కువున్న చోట్లకి. మిషిగన్‌లోని పాత కార్ల ఊరు ఫ్లింట్ వాడికి అలబామాలో ఫ్యాక్టరీ తెరిస్తే ఒరిగేదేమిటి అన్నది నిజమే, అలబామా వాడు అమెరికన్ కాదా అన్నదీ నిజమే. ఈ రెండో ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

యూనియన్ని వెనకేసుకురావడానికీ నాకు మొహమాటమే. పని లేకున్నా కూర్చోబెట్టి దాదాపు పూర్తి జీతమిచ్చే జాబ్స్ బ్యాంక్ అన్నది ఒకటుండేది, 2009 దాకా. అంతకన్నా పెద్ద మచ్చ, నేను ఇంతగా పొగుడుతున్న ఈ డై మేకర్ల పని 1960ల దాకా దాదాపు అంతా తెల్లవాళ్ళదే. నల్లవాళ్ళకి ఫౌండ్రీలో పొయ్యి దగ్గరా, పెయింట్ షాపులో పొగల మధ్యా చోటుండేది గానీ అప్రెంటిస్ పరీక్ష దాకా రానిచ్చేవారు కాదు. పనితనాన్ని కంపెనీ తొక్కేసిందని నేనంటున్నాను, ఎంతమంది చేతుల్లో అది పుట్టకుండా ఈ మేస్త్రీలే అడ్డుపడ్డారో ఎవరు లెక్కపెట్టారు?

విన్సెంట్ చిన్ సంగతి ఇక్కడికొచ్చిన కొత్తలో తెలిసి రెండు రోజులు నిద్రపట్టలేదు. 1982 జూన్‌లో, ఫోర్డ్ తొలి కదిలే అసెంబ్లీ లైను నడిచిన హైలాండ్ పార్క్‌లో, పెళ్ళికి ముందు స్నేహితులతో పార్టీ చేసుకుంటున్న 27 ఏళ్ళ చైనీస్ కుర్రాణ్ణి ఒక క్రైస్లర్ కార్ల కంపెనీ ఫోర్‌మన్, అతని సవతి కొడుకూ కలిసి బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టారు. మీలాంటివాళ్ళ వల్లే మా ఉద్యోగాలు పోతున్నాయని. అతను జపనీస్ కూడా కాదు. నాలుగు రోజులకి ప్రాణం పోయింది. కోర్టు వేసిన శిక్ష జైలు లేకుండా ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. నేనా రోజుల్లో ఇక్కడుంటే నా మొహం వాళ్ళకి ఎలా కనిపించేదో?

ఇది పెద్దాయన దగ్గర కదిపాను, కదపకుండా ఉండలేక. ఆయన కాసేపు ఊరుకుని, ఆ రోజుల్లో యూనియన్ హాళ్ళ ముందు పాత టయోటా నిలబెట్టి సుత్తి చేతికిచ్చేవారని, డాలరిస్తే ఒక దెబ్బ వెయ్యొచ్చని, తానూ వేశాననీ చెప్పాడు. దెబ్బ వేశాక వంగి చూశాట్ట. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే మందాన ఉంది. ఆ సందు మాత్రం ఇంటికొచ్చాక కూడా మర్చిపోలేకపోయాట్ట.

నా వాటా

2006లో జనరల్ మోటార్స్ గంటల జీతగాళ్ళందరికీ, అంటే లక్ష మంది పైచిలుకుకి, డబ్బు తీసుకుని వెళ్ళిపోండని ఆఫరిచ్చింది. దాదాపు 35 వేల మంది వెళ్ళిపోయారు. షేర్ మార్కెట్ సంతోషించింది. మిగతా కంపెనీలూ అదే దారి. మా పెద్దాయనా ఆ రోజుల్లో అలాంటి ప్యాకేజీ ఒకటి తీసుకుని బయటికొచ్చినవాడే. ఎవరికి ఏం తెలుసో చూసి ఆఫరివ్వలేదు, సర్వీసు చూసి ఇచ్చారు. దాంతో ఎక్కువ తెలిసినవాళ్ళే ముందు వెళ్ళారు.

ఇప్పుడు నా సంగతి. కొన్నేళ్ళ కిందట ఒక క్లయింట్ దగ్గర ప్రెస్ షాప్ మెయింటెనెన్స్ సిస్టమ్ మార్చే ప్రాజెక్టులో నేనున్నాను. అక్కడొక సీనియర్ రిటైరవుతున్నాడు. మూడు వారాల కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్). మన ఐటీ వాళ్ళకి కేటీ అంటే వేరే చెప్పక్కర్లేదు కదా, ఆయన పక్కన కూర్చుని తెలిసిందంతా రాసుకోవడం, సంతకం పెట్టించుకోవడం, రాసింది హైదరాబాద్ టీమ్‌కి పంపడం. బుద్ధిగా అరవై పేజీలు రాశాను. ప్రెస్సుల పక్కనుంచి నడుస్తూ ఆయన ఉన్నట్టుండి ఆగిపోయేవాడు, తల పక్కకి వంచి, ఇది వచ్చే వారం మొరాయిస్తుంది అనేవాడు. ఎలా తెలిసింది అంటే, వినపడలేదా అనేవాడు. నాకు ధన్ ధన్‌మనడం తప్ప ఇంకేమీ వినపడలేదు. డాక్యుమెంట్లో ఏం రాశానో తెలుసా? "అసాధారణ శబ్దం వస్తోందేమో రోజూ గమనించాలి." ఏది సాధారణమో నాకే తెలియదు. ఆయన సంతకం పెట్టాడు, మేనేజర్ పెట్టాడు, కేటీ పూర్తయిందని టిక్కు పడింది, నాకు మెచ్చుకుంటూ ఒక మెయిల్ కూడా వచ్చింది. నాలుగు నెలలకి ఒక ప్రెస్ కూర్చుండిపోయి రెండు షిఫ్టులు పోయాయి. గమనించాల్సినవాళ్ళు రోజూ గమనిస్తూనే ఉన్నారు, షీట్లో టిక్కులున్నాయి.

నన్ను నేను తిట్టుకోవడానికి ఇది రాయడం లేదు, నేను కాకపోతే ఇంకొకరు రాసేవారు ఆ అరవై పేజీలు. కానీ గ్రూపులో "అమెరికావాడికి పని రాదు" అన్న మాట దగ్గర నాకు గుచ్చుకున్నది ఇదే. పని వచ్చినవాణ్ణి ఇంటికి పంపే ఫైల్ మీద నా పేరూ ఉంది. జార్జియాలో గొలుసులు పడిన ఆ కొరియన్లు కూడా అలాంటి పనివాళ్ళే, మెషిన్ బిగించి, దాని చప్పుడు సరిచేసి, ఇక్కడివాళ్ళకి నేర్పి వెళ్ళాల్సినవాళ్ళు. తమ దగ్గర ఉన్నవాళ్ళని డబ్బిచ్చి పంపారు, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళని గొలుసులేసి పంపారు. 2021లో ఫోర్డ్ ఇండియాలో తయారీ ఆపేస్తున్నానన్నప్పుడు చెన్నై ప్లాంట్ వాళ్ళకి లెక్కగట్టిందీ సర్వీసు ఏళ్ళే. మన పెనుకొండ దగ్గర కియా ప్లాంట్‌లో ఇవాళ ప్రెస్ షాప్‌లో నిలబడ్డ పిల్లాడికి ఇరవై ఏళ్ళ తర్వాత చెవి తయారై ఉంటుంది. అప్పుడు అతని పక్కన కూర్చుని కేటీ రాసుకునేది ఎవరో.

పెద్దాయనకి ఇప్పుడు 74. కుడిచెయ్యి కొంచెం వణుకుతోంది, లేత్ మీద గుడ్డ కప్పేశాడు. పనిముట్ల పెట్టె తీసుకోమని కొడుకుని అడిగితే, అతను ఆస్టిన్‌లో ఉంటాడు, అపార్ట్‌మెంట్లో చోటు లేదన్నాట్ట. పోయిన నెల మా గ్రైండర్ మళ్ళీ ఏదో మూలిగినట్టు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. షాఫ్టే మళ్ళీ వంగిందని నా అనుమానం. ఫోన్ చేస్తే చలికోటు వేసుకుని వచ్చాడు. వంటింటి గట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని అరనిమిషం నిలబడ్డాడు. షాఫ్ట్ బాగానే ఉంది, లోపల సరుకే గట్టిగా ఉంది, కాసిని నీళ్ళు పొయ్యి, అన్నాడు.

మా ఆవిడ ఆ మాట పొద్దున్నుంచీ రెండుసార్లు చెప్పింది నాకు.